దీనమ్మ వంతు

కళ్లు మూసుకుందామమ్మా అన్నాడు కొత్త పంతులు. నర్సింగమ్మ మూసుకుంది, కానీ రెప్పల కింద జొన్నగింజంత సందు వదిలి మూసుకుంది. ఆ సందులోంచి ఆమెకు ముందుగా పంతులు మోకాలు కనిపించింది, మోకాలి మీద బోర్లించిన నల్లట్ట పుస్తకం కనిపించింది, దాని అవతల వయసు వరుసన కూచున్న తన ముగ్గురు పిల్లలు కనిపించారు. రూతమ్మకు పదకొండు, యోనాకు ఎనిమిది, దీనమ్మకు అయిదు. పెద్దదానితో మొదలై చిన్నదానితో ముగియాలి ప్రార్థన, ఒక్కొక్కరూ నోరు తెరిచి, సొంత మాటలతో, పైకి వినబడేలా. ఆ ఇంటి పద్ధతి అది, ఆ పద్ధతి పెట్టింది తనే. పొద్దు నడినెత్తి దాటి బారెడన్నా వాలలేదు, ఇది ప్రార్థన వేళ కాదు, ప్రార్థన వేళ దీపం ముట్టించినప్పుడు. మగవాళ్లందర్నీ తెల్లారేసరికే మిలిటరీవాళ్లు బడి దగ్గరికి తోలుకుపోయిన రోజు, వాడలో ఆడవాళ్లూ పిల్లలూ కోళ్లూ తప్ప ఏమీ మిగలని రోజు, పిలవకుండా వచ్చి, గడపలో చెప్పులు విడిచి, నీ భర్త కోసం ప్రార్థన చేద్దామన్నాడు ఈయన. వచ్చి పదిహేను రోజులు కాలేదు ఈ వాడకు. ఇన్ని ఇళ్లుండగా ఈ ఇంటికే ఎందుకొచ్చినట్టు? ఈ వేళకే ఎందుకొచ్చినట్టు?

ఇంటి వెనక ఇరవై అడుగుల్లో తోళ్లు నానబెట్టే లంద కొట్టం ఉంది. అందులో ఎండుతోళ్ల దొంతర వెనక ఆమె తమ్ముడు మల్లప్ప పిక్కలో తూటా దెబ్బతో పడుకొని మూడు రోజులు. సంగం దళం గుట్టలకు ఎక్కిపోతూ నడవలేనివాణ్ణి అక్క దగ్గర దించిపోయింది. సున్నం, తంగేడు చెక్క, పచ్చితోలు కలిసి పులిసిన వాసన ఆ కొట్టానిది, గాలి అటునుంచి వీస్తే ఊరు ఊరంతా మొహం తిప్పుకుంటుంది. మిలిటరీవాళ్లు రెండుసార్లు వాడ గాలించారు, రెండుసార్లూ ఆ వాసన దగ్గర ఆగి ముక్కుకు రుమాలు కట్టుకొని వెనక్కి తిరిగారు. పుట్టిన దగ్గర్నుంచి ఏ వాసన పేరు చెప్పి ఊరు తమను ఎడంగా నిలబెట్టిందో ఆ వాసనే ఇప్పుడు తమ్ముడికి కోటగోడ అయిందని నిన్న నవ్వుకుంది కూడా. కొట్టంతో భయం లేదు. భయమంతా దీనమ్మ నోటితో.

తప్పు తనదే. మల్లప్ప వచ్చిన తెల్లవారి ముగ్గురు పిల్లల్నీ పొయ్యి ముందు కూచోబెట్టి, మామ ఉన్న సంగతి ఎవ్వరికీ చెప్పొద్దు బిడ్డా, ఎవ్వరికీ, అని, అక్కడ ఆగక, దేవునికి తప్ప, అని కలిపింది. ఎందుకు కలిపినట్టు? దేవుడికి కూడా దాచమంటే ఇన్నేళ్లు నేర్పిందంతా నీళ్లపాలవుతుందనుకుంది. రూతమ్మకు అర్థమైంది. యోనా ఆ సాయంత్రానికే మరిచాడు, వాడి మనసు మేకపిల్ల మీద ఉంది. దీనమ్మ మాత్రం ఆ మాటను చెప్పింది చెప్పినట్టే తీసుకుంది. వీధిలో నోరు మెదపలేదు, పక్కింటి హనుమమ్మ బెల్లం ముక్క చూపించి మీ ఇంట్ల ఎవరన్న ఉన్నరానే అని అడిగినా బెల్లం తీసుకొని తల అడ్డంగా ఊపి వచ్చింది. కానీ దీపం ముట్టించి చాప పరిచేసరికి చేతులు జోడించి గొంతెత్తి, దేవా, మల్లప్ప మామ కాలు మంచిగ చెయ్యి, లంద కొట్టంల దోమలు కుట్టకుండ జూడు, అంది. మనిషి పేరూ, దెబ్బా, చోటూ. మూడూ చెప్పింది. ఆ సాయంత్రం నర్సింగమ్మ గుండె ముందు జారింది, తర్వాత పొంగింది. చిన్నది ఎవరికి చెప్పాలో ఎవరికి చెప్పకూడదో ఎంత తేటగా పట్టుకుంది అనుకుంది. మొన్నా, నిన్నా, అదే ప్రార్థన, మాట పోకుండా. ఇవాళ నాలుగోసారి చెబుతుంది, పంతులు చెవి ముందు.

రూతమ్మ మొదలుపెట్టింది. మహోన్నతుడవైన మా తండ్రీ అని పాత పంతులు ఎత్తుకున్నట్టే ఎత్తుకుంది. మంచిది, అట్లా సాగదీయి బిడ్డా, సాగదీయి. పాత పంతులు చంద్రయ్య ఒక్కో ప్రార్థన చేస్తే పొయ్యి మీద జొన్న గట్క ఉడికి దిగేది. ఆయన దగ్గరే కదా తను నోరు తెరవడం నేర్చింది. పెళ్లయిన రెండో ఏడు ఎండాకాలం దేవరకొండలో ఆరు వారాలు, చింతచెట్ల కింద ఇరవైమంది ఆడవాళ్లు, ఒక్కరికీ అక్షరం రాదు. ప్రార్థన చెయ్యమ్మా అంటే తను తల వంచి లోపల్లోపల గొణిగింది. చంద్రయ్య పంతులు ఆపాడు. "గట్ల గొణిగేది దొర ముందరనమ్మా. తండ్రి ముందర బిడ్డ నోరు తెరిచి మాట్లాడుతది" అన్నాడు. ఆ మాటకు ఒళ్లంతా ఝల్లుమంది. గడీ ముందు నిలబడి వెట్టి చెప్పులు అప్పగించేటప్పుడు తన మామ గొణగడం విన్నది, తన మొగుడు బక్కయ్య గొణగడం విన్నది, నీ కాల్మొక్త దొరా అన్న మాట పంటి కిందనే నలిగి బయటికి రావడం విన్నది. ఆ రోజు చింతచెట్టు కింద, దేవా నాకు ఆకలైతాంది అని గట్టిగా అంది, ఇరవైమంది నవ్వారు, పంతులూ నవ్వాడు, తను ఏడ్చింది. అప్పుడే అనుకుంది, తన కడుపున పుట్టినవాళ్లు ఒక్కరు కూడా గొణగకూడదు. ఆ చంద్రయ్య పంతులు పోయిన వానల్లో వాంతులు పట్టి చనిపోయాడు. ఆయనే ఉంటే ఈ చాప మీద కూచున్నది ఆయనే అయ్యేవాడు, దీనమ్మ ఏం చెప్పినా బుగ్గ గిల్లి ఆమెన్ అనేవాడు. మరి ఈయన?

ఈయన పేరు సమూయేలు. పాలమూరు నుంచి వచ్చానన్నాడు, మిషన్ అయ్యగారు ఇచ్చిన కాగితం చూపించాడు. కాగితం ఎవరు చదివారు, వాడలో చదివేది ఆయనొక్కడే. పాలమూరు మనిషి మాట ఇట్లా ఉంటుందా, వచ్చారా తిన్నారా అని ప్రతి మాటా కోస్తావాళ్లలా దీర్ఘం తీస్తాడు. మిలిటరీ వెంట వాళ్ల మాట తెలుగులోకి మార్చి చెప్పడానికి వచ్చినవాళ్లూ అట్లాగే మాట్లాడుతున్నారు, బక్కయ్య చెప్పాడు. చదువుకున్నవాళ్లందరూ అంతే కావచ్చు. పొద్దున వాడ మొదట్లో తుపాకీ పట్టుకొని నిలబడ్డ జవాను నీళ్లకు పోయే సత్తమ్మ కడవను కూడా వంచి చూశాడు, ఈయన్ని మాత్రం చెయ్యి అడ్డం పెట్టకుండా వదిలాడు. చేతిలో పుస్తకం చూసి వదిలాడా, మొహం చూసి వదిలాడా? రాగానే నీళ్లడిగాడు, ఇచ్చిన ముంతలోనే తాగాడు, ముక్కు మూసుకోలేదు. ఊళ్లోవాళ్లెవరూ తాగరు, ఆయన తాగాడు. అందుకే ఇంకా భయమేసింది. తాగి మూతి తుడుచుకుంటూ పొయ్యి వైపు చూశాడు. అక్కడ గట్క సర్వ ఉంది, అయిదుగురికి సరిపడా నిండుగా, బక్కయ్య లేడు కాబట్టి ఇవాళ ఇంట్లో తినేది తనూ పిల్లలే. ఆ లెక్క ఆయన మనసులో కట్టాడా? ఇంట్లో మీరే ఉంటారా అమ్మా అని అడిగాడు. ఎవరైనా అడిగే మాటే. ఎవరైనా అడిగే మాటలాగా అడగడం నేర్చుకున్న మాటా కావచ్చు.

చెప్పులు. చెప్పు చూస్తే మనిషి ఏ నేల తొక్కాడో ఆమె చెప్పగలదు, ఆమె పుట్టింటా మెట్టింటా అదే పని. ఆయన లోపలికి రాగానే ఊడ్చే నెపంతో గడప దగ్గరికి పోయి చూసింది. అడుగు అరిగిన తీరు దూరం నడిచే మనిషిది, అందులో వంక లేదు. కుడి చెప్పు పట్టీ ఈ మధ్యనే తెగి కుట్టుకుంది. కుట్టిన దారం లావుగా, పసుపుపచ్చగా, మైనం పట్టించి మరతో పేనింది. ఈ ఊళ్లల్లో ఎవరూ అట్లాంటి దారంతో కుట్టరు. బక్కయ్యను నాలుగు రోజులు క్యాంపుకు పిలిపించి జవాన్ల బూట్లు కుట్టించినప్పుడు ఆ దారం మూరెడు ముక్క నడుముకు చుట్టుకొని తెచ్చాడు, చూడవే, గిది తెగదు, అని పళ్లతో లాగి చూపించాడు. దొరకు చెప్పులు కుట్టినా ఊరికే, రజాకార్లకు గుర్రాల జీన్లు కుట్టినా ఊరికే, వీళ్లకు బూట్లు కుట్టినా ఊరికే, ఈసారి మూరెడు దారమన్నా మిగిలింది అని నవ్వాడు. ఆ దారం పంతులు చెప్పుకు ఎట్లా వచ్చింది? దేవరకొండ బజారులో కూడా దొరుకుతుందేమో. క్యాంపుకు పోయి కూచొని కుట్టించుకున్నాడేమో.

మహోన్నతుడా, నీ భక్తుణ్ణి సింహాల గుహలోంచి తప్పించినట్టు మా బాపును తప్పించు, అంటోంది రూతమ్మ. ముక్కు మీద చెమట. పిల్లకు తెలుసు. తెలిసే సాగదీస్తోంది, లోకంలోని జబ్బుమనుషులందరి పేర్లూ చెబుతోంది, వితంతువులను చెబుతోంది, సముద్రం మీద పోయేవాళ్లను కూడా చెబుతోంది, సముద్రం ఎట్లుంటదో చూడని పిల్ల. దాని చెయ్యి మెల్లగా యోనా తొడ దాటి దీనమ్మ వైపు పోతోంది. గిల్లుతుందా? గిల్లితే చిన్నది ఊరుకోదు, అక్క గిల్లిందని దేవుడికే ఫిర్యాదు చేస్తుంది. వద్దు బిడ్డా వద్దు. పంతులు కళ్లు మూసుకొనే ఉన్నాడా? రెప్పలు కదలడం లేదు. మరీ కదలకుండా ఉన్నాయి. నిజంగా ప్రార్థనలో ఉన్న మనిషి రెప్ప వణుకుతుంది, చంద్రయ్య పంతులుది వణికేది.

ప్రార్థన మొదలు కాకముందు అడ్డం పడడానికి తను చెయ్యనిదేముంది. పరలోక ప్రార్థన ఒకటి అందరం కలిసి చెబుదామయ్యా, సరిపాయె, వాండ్లకేమొస్తది, అంది. "అది అందరూ చెబుతారు మరియమ్మా. సొంతంగా చెప్పనివ్వండి, ఒక్కొక్కరూ" అన్నాడు. ఒక్కొక్కరూ అట. బాప్తిస్మం పేరు పెట్టి పిలిస్తే కాదనలేదని తెలుసు. చిన్నదానికి పెయి వెచ్చగుందయ్యా, పండవెట్టొస్త, అంది. ఆయన చెయ్యి చాచి దాని నుదురు తాకి, చల్లగానే ఉందే, అన్నాడు. దీనమ్మా, కడవ తీస్కపోయి నీళ్లు తేపో, అంటే, "నిండ ఉందమ్మా. పొద్దుగాల్నే తెస్తివి గద. మర్శినవా?" అంది ఆ పిల్ల, అమ్మకు మతిపోయిందని జాలిగా చూస్తూ. ఇంకొక్కసారి అడ్డం పడితే ఆయనకు అనుమానం రాకపోతే ఆశ్చర్యం. అయినా ఆయన్ని పిలిచింది తన నోరే. పోయిన ఆదివారం గుడిసె గుడిలో లేచి నిలబడి, మా పోరగాండ్లు పుస్తకం మాటలు చెప్పరయ్యా, సొంతంగ మాట్లాడుతరు, అని సాక్ష్యం చెప్పింది. హనుమమ్మ పక్కనుంచి, "అవునయ్యా, దేవునితోని పక్కింటోనితోని మాట్లాడినట్టే, మేకలు జెప్తరు, గట్క జెప్తరు, మొగుడుపెండ్లాల కొట్లాట గూడ జెప్తరు, మేం తడికవతల నిలవడి ఇంటం" అంది, గుడి గుడంతా నవ్వింది. ఈయన నవ్వలేదు. అప్పుడు గమనించలేదు తను. ఈయన నవ్వకుండా, అవునా, అన్నాడు.

ఆమెన్ అంది రూతమ్మ, ఇక మాటలు దొరకక. కొట్టం వైపునుంచి దగ్గు వినబడుతుందేమో. మల్లప్ప రాత్రంతా దగ్గాడు. ఇప్పుడు దగ్గకు తమ్ముడా. వాడు నవ్వుతాడు దీనికి. నిన్న గట్క తీసుకుపోయినప్పుడు, "నీ బిడ్డ నా పేరు జెప్తుంటే ఈడికి ఇనవడ్తాంది అక్కా. నీ దేవుడు గింత చెవిటోడా?" అన్నాడు. నోర్ముయ్, ఆ ప్రార్థనతోనే బతికున్నవ్, అంది తను. "కాదు, లంద కంపుతోని బతికున్న" అన్నాడు. వాడు మొదట్నుంచీ అంతే. వాగులో తమ నాయినకు బాప్తిస్మం ఇచ్చిన రోజు చంద్రయ్య పంతులు నాయిన తల నీళ్లలో ముంచాడు, ఒడ్డున నిలబడ్డ పదేళ్ల మల్లప్ప నాయినను చంపుతున్నారనుకొని గులకరాయి తీసి పంతులు వీపుకు కొట్టి, కంది చేలల్లో పడి పారిపోయాడు. రెండు రోజులు దొరకలేదు. ఆ తర్వాత వాణ్ణి ఎవరూ నీళ్లలో ముంచలేకపోయారు. వెట్టి ఎగ్గొట్టినప్పుడు వాడే ముందు, గడీలో కాగితాలు కాల్చినప్పుడు వాడే ముందు. నీ దేవుడు భూమి పంచుతడా అక్కా అనేవాడు, నీ సంగం పాపం మాపుతదారా అనేది తను, ఇద్దరూ ఒకే గిన్నెలో తినేవాళ్లు. రజాకార్లు వాడ మీద పడ్డనాడు పిల్లల్ని ఎత్తుకొని గుట్ట మీదికి ఉరికించింది వాడు. దీనమ్మ అప్పుడు మూడేళ్లది, వాడి మెడ మీద కూచొని పోయింది. అందుకే దానికి మామ అంటే అంత.

యోనా అందుకున్నాడు. వాడిది ఎప్పుడూ పొట్టి ప్రార్థనే, ఊపిరి తియ్యడు. దేవా మా మేకపిల్లకు నోట్ల పుండయింది, పాలు తాగుతలేదు, మంచిగ చెయ్యి. అని ఆగాడు. ఇంతేనా? ఇంకొంచెం చెప్పురా నాయినా. "బాపును కొడుతుంటే కొట్టకుండ జూడు" అన్నాడు, ఆమెన్ అనడం కూడా మరిచి మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. పంతులు గొంతు లోపల ఏదో చప్పుడైంది. దుఃఖమా, గొంతు సవరించుకోవడమా. బక్కయ్యను ఇప్పుడు కొడుతున్నారా? పోయిన వారం పక్క ఊళ్లో లక్ష్మీనర్సయ్యను రెండు రోజులుంచి పంపారు, అరికాళ్లు చూపించాడు, నల్లటి వంకాయల్లా ఉన్నాయి. బక్కయ్య ఓర్చుకోగలడా? చెప్పేస్తాడా? ఈపాటికే చెప్పి ఉంటే ఈయన వచ్చింది నిజమో కాదో తేల్చుకోవడానికేనా? ఛీ, మొగుణ్ణి కూడా. కానీ మనసుకు ఆ మాట తట్టాక దాన్ని వెనక్కి నెట్టడం ఆమె వల్ల కాలేదు.

దీనమ్మ వంతు.

చేతులు జోడించింది. వేళ్లు చిన్నవి, రెండు బొటనవేళ్లు గడ్డానికి ఆనించింది. తను మధ్యలో పడి ఆమెన్ అనేస్తే? ప్రార్థనలో ఉన్న బిడ్డను మధ్యలో ఆపకూడదు, యోనా ప్రార్థన మధ్యలో నవ్విందని రూతమ్మ చెంప పగలగొట్టిన చెయ్యి ఇది. ఆపితే ఈయనకు ఎందుకు ఆపిందో తెలిసిపోతుంది. ఆపకపోతే ఏం దాచిందో తెలిసిపోతుంది. పొయ్యిలో చెయ్యి పెట్టి కేక వేస్తే? లేచి మూర్ఛ వచ్చినట్టు పడితే? దేవా, నువ్వన్నా దీని నోరు కట్టెయ్యి. ఆ మాట తన లోపల తనకే వినబడి ఉలిక్కిపడింది. బిడ్డ నోరు కట్టెయ్యమని దేవుణ్ణి అడుగుతోంది తను, లోపల్లోపల, గొణుగుతూ.

"దేవా, మాకు గట్క ఇచ్చినవ్, మంచిగుంది. బాపును జెప్పన ఇంటికి తోలు. పంతులయ్య మా ఇంటికొచ్చిండు, నీళ్లు దాగిండు, మంచోడు." ఇక్కడన్నా ఆగు తల్లీ. "మల్లప్ప మామ కాలు మంచిగ చెయ్యి. నిన్న నెత్తురు కారింది. లంద కొట్టంల ఎలుకలు గూడ ఉన్నయ్, మామ భయపడ్తలేడంట, గని నువ్వు జూడు. ఆమెన్."

రూతమ్మ కళ్లు తెరిచేసింది, దాని మొహంలో నెత్తురు లేదు. నర్సింగమ్మ పంతులు మొహం మీదినుంచి చూపు తియ్యలేదు. ఆయన రెప్ప కదలలేదు, వేలు కదలలేదు. వింటే ఉలిక్కిపడాలి కదా, వినకపోవడానికి దూరంగా లేడు కదా. కాసేపటికి ఆయన నోరు తెరిచి ముగింపు ప్రార్థన మొదలుపెట్టాడు. పంతుళ్లందరూ చేసే పనే, పిల్లలు అడిగినవన్నీ మళ్లీ ఒక్కొక్కటే ఎత్తి దేవుడికి అప్పగించడం. ఈ తల్లికి నువ్వు తోడుండు ప్రభువా. బక్కయ్యను క్షేమంగా ఇంటికి చేర్చు. రూతమ్మ తలచిన వ్యాధిగ్రస్తులను జ్ఞాపకం చేసుకో. యోనా మేకపిల్లకు స్వస్థత ఇవ్వు, నువ్వు పిచ్చుకలను కూడా మరిచేవాడవు కావు. దీనమ్మ తిన్న గట్కను దీవించు. తర్వాత, ఆమెన్. అంతే. మేకపిల్ల నోటి పుండు కూడా గుర్తుంది ఆయనకు, మామ కాలు లేదు.

లేచాడు. "చక్కగా నేర్పావమ్మా" అన్నాడు. దీనమ్మ తల మీద చెయ్యి పెట్టాడు, చాలాసేపు తియ్యలేదు, అంతసేపు ఎందుకు? నీ భర్త సంగతి కనుక్కుంటాను అని చెప్పులు తొడుక్కున్నాడు. ఆయన గుడిసె వాడకు పడమట ఉంది. ఆయన తూర్పుకు నడిచాడు, బడి వైపు.

నర్సింగమ్మ మలుపు తిరిగేదాకా చూసి, కొట్టంలోకి ఉరికింది. తోళ్ల వెనక మల్లప్ప మోచేతి మీద లేచి కూచున్నాడు, అన్నీ విన్నాడు, ఇంకేం చెప్పాలి. "లెవ్వు, నడువు" అంది.

"యాడికి? పట్టపగలు?"

"వాగులకెల్లి గుట్టకు. ఒక్క చెప్పుకు క్యాంపు దారం ఉన్నది తమ్మీ. బడి దిక్కు వోయిండు."

మల్లప్పకు మూడు రోజుల్లో బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి, నవ్వితే పళ్లే కనిపిస్తున్నాయి. "మంచోడేమో అక్కా. సీకటి పడ్డంక పోత. ఇప్పుడైతే నడువ, పాకాలె."

"మంచోడైతే నీ కాలెందుకు మర్శిండు? మేకపిల్లను మరువలే, నిన్ను మర్శిండా?"

"మంచోడు గాబట్టే మర్శిండేమో."

"చెడ్డోడైనా గట్లనే మరుస్తడు."

ఆ మరుపును అటు తూస్తే అటే ఒరుగుతుంది, ఇటు తూస్తే ఇటే ఒరుగుతుంది. తడితోలు ఒకటి లందలోంచి లాగి నీళ్లోడుతుండగానే వాడి తల మీద కప్పింది, మొహం కనబడకుండా, వాగులో తోలు కడగను పోయేవాడిలా. గుడ్డ చించి పిక్క మీద ఇంకో కట్టు కట్టింది. నాలుగు అడుగులు వేసేసరికి ఆ కట్టు ఎర్రబడింది. వాడు వెనక్కి తిరగకుండా, "చిన్నదాన్ని కొట్టకే" అన్నాడు. కొడతానని ఎందుకనుకున్నాడు? వాగు మలుపులో తోలు కప్పిన తల ఒక్కసారి తుప్పల మధ్య పైకి లేచి, తర్వాత కనబడలేదు. పాకుతున్నాడో, పడ్డాడో. నేల మీద నెత్తుటి చుక్కల మీద తంగేడు నీళ్లు పోసి కాలితో రాసింది. ఎర్రటి నీళ్లు ఎర్రటి మన్నులో ఇంకాయి. జవాన్లు రాలేదు. కొట్టంలో ఒంటరిగా నిలబడి చెవులు రిక్కించింది, బూట్ల చప్పుడు లేదు, కుక్కలు మొరగలేదు. ఎంతసేపు నిలబడిందో తెలియదు. ఎవరూ రాకపోతుంటే, వస్తే బాగుండు అనిపించింది ఒక క్షణం, తను చేసింది తప్పు కాదని తెలిసేది.

వచ్చింది బక్కయ్య. వీధి చివర కనబడగానే పిల్లలు అరుస్తూ ఎదురుపోయారు. బాపూ బాపూ అని యోనా కాళ్లకు చుట్టుకున్నాడు. మిగతా మగవాళ్లింకా బడి ముందు ఎండలోనే ఉన్నారట, తనొక్కణ్ణే వదిలారట. "పంతులయ్య జమానత్ ఉన్నడే. గీయన మా గుడి సంగస్తుడు, సంగపోడు గాదు అని చెప్పిండట" అన్నాడు బక్కయ్య, చాప మీద కూలబడుతూ.

"చెప్పంగ నువ్విన్నవా?"

"నేనెట్లింట? లోపలికి వోయిండు, సాబు ముంగట కూసున్నడు. ఇంగిలీసుల మాట్లాడిండ్రు."

"ఎంతసేపు?"

"ఏమో. శానసేపు. ఎందుకట్ల జూస్తవే?"

అతని చొక్కా పైకెత్తి వీపు చూసింది. చారలు లేవు. అరికాళ్లు తిప్పి చూసింది. దుమ్ము తప్ప ఏమీ లేదు. సంతోషపడాల్సిన చోట మనసు ఇంకో మెట్టు దిగింది. ఎందుకు కొట్టలేదు? లోపల శానసేపు కూచొని ఆయన ఏమిస్తే వీళ్లు బక్కయ్యను ఇచ్చారు? ఏమీ ఇవ్వకుండా, ఉత్త మాట మీద, భయపడుతూ భయపడుతూ పోయి విడిపించాడా? అట్లయితే తన తమ్ముడు ఈపాటికి ఎవరూ తరమని దారిలో కాలీడ్చుకుంటూ పోతున్నాడు, తనే తరిమింది. బక్కయ్య ముంతలో నీళ్లు తాగి మూతి తుడుచుకొని, గొంతు తగ్గించి, "మల్లప్ప తిన్నడా?" అన్నాడు. ఆమె పొయ్యి దగ్గరికి పోయి గట్క సర్వ మీద మూత సరిచేసింది. లేడు, పోయిండు, అంది. బక్కయ్య చేతిలో ముంత బోర్లించి పక్కన పెట్టాడు.

కొంగు పట్టి లాగింది దీనమ్మ. "అమ్మా, పంతులయ్య మామ కాలు జెప్పుడు మర్శిపోయిండు."

"అవు బిడ్డా."

"మరి నేను మల్ల జెప్పాల్నా?"

వెదురు తడిక అవతల హనుమమ్మ ఉంటుంది, ఎప్పుడూ ఉంటుంది. ఆమెకు అవతల ఇంకెవరు ఉంటారో. నర్సింగమ్మ పిల్ల ముందు గొంతుక్కూచుంది. చెప్పు, అంది. తడిక వైపు ఒకసారి చూసింది. "నోరిప్పకుండ జెప్పు. లోపల్నే."

"లోపల జెప్తే ఇనవడ్తదా?"

"ఇనవడ్తది."

దీనమ్మ నమ్మినట్టు లేదు, అయినా ప్రయత్నం చేసింది. పెదవులు గట్టిగా బిగించింది, బుగ్గలు ఉబ్బాయి, ఊపిరి అందక వదిలేసింది. మళ్లీ చేతులు జోడించి గోడ వైపు తిరిగింది. ఈసారి కొత్త పని పట్టుబడింది, పెదవులు సన్నగా కదులుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. ఏం చెబుతోందో. మామ పేరు చెబుతోందో, కొట్టం ఇప్పుడు ఖాళీ అని చెబుతోందో, అమ్మ గురించి ఏమన్నా చెబుతోందో. ఈ పిల్ల దేవుడితో అన్న ప్రతి మాటా పుట్టిన దగ్గర్నుంచి తన చెవిన పడింది. నర్సింగమ్మ మెల్లగా వంగి దాని నోటి దగ్గర చెవి పెట్టింది.

పిల్ల ఒక కన్ను తెరిచి చూసింది. మోచేత్తో అమ్మ భుజాన్ని నెట్టింది.

"జర అటు జరుగమ్మా" అంది.

నర్సింగమ్మ జరిగింది.